మాల్ట్ సారం, ఇప్పపువ్వు, కల్లు: ఇంటిస్థాయి కిణ్వనంలో మౌలిక సూత్రాలు – ఉత్తర తెలంగాణ నేపథ్యం

సారాంశం

మాల్ట్ సారంతో ఇంట్లో బీరు తయారుచేసే పద్ధతి అనేక దేశాలలో కొత్తవారికి కిణ్వనశాస్త్రాన్ని పరిచయం చేసే తొలి పాఠంగా ఉన్నది. పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే కఠినమైన దశ మాల్ట్ సారంలో ముందే పూర్తయి ఉండటం దీనికి కారణం. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా అడవులలో ఇప్పచెట్టు, పూర్వపు కరీంనగర్ జిల్లా పల్లెలలో తాటి, ఈత చెట్లు ఇదే పనిని ప్రకృతిసిద్ధంగా చేస్తున్నాయి. ఈ మూడు ముడిపదార్థాలను ఒకే శాస్త్రీయ చట్రంలో పోల్చి, పరిశుభ్రత, ఉష్ణోగ్రత, ఈస్ట్, కాలం అనే నాలుగు నియంత్రణాంశాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. చట్టపరమైన పరిమితులు, కల్తీ వల్ల కలిగే ప్రమాదాలు, ఇప్పపువ్వును ఆహారంగా విలువ పెంచే మార్గాలు కూడా చర్చించబడినవి.

కీలక పదాలు: మాల్ట్ సారం, కిణ్వనం, ఇప్పపువ్వు, నీరా, జొన్న మాల్ట్, విశిష్ట సాంద్రత.

ఉపోద్ఘాతం

బీరు కర్మాగారపు సరుకు, ఇప్పసారా అడవి సరుకు, కల్లు ఊరి సరుకు అని మనం వేర్వేరు గదులలో పెట్టి ఆలోచిస్తాము. సూక్ష్మజీవశాస్త్ర దృష్టితో చూసినప్పుడు ఈ మూడింటిలో జరిగే మౌలిక చర్య ఒక్కటే. ఈస్ట్ కణం చక్కెరను గ్రహించి, ఆల్కహాలును, కార్బన్ డయాక్సైడును విడుదల చేస్తుంది. ఇప్పసారా బట్టీలో స్వేదనం చేయబడిన పానీయం. కనుక దాని తొలి దశ అయిన పూల కిణ్వనాన్ని మాత్రమే బీరుతో పోల్చవలసి ఉంటుంది.

ఇంటి బీరు గురించి చదివిన విద్యార్థులు, గ్రామీణ యువకులు విస్తరణ శాస్త్రవేత్తలను తరచుగా అడిగే ప్రశ్నలు రెండు: దీనిని ఎలా చేస్తారు? మన ప్రాంతంలో చేయవచ్చునా? మొదటి ప్రశ్నకు శాస్త్రం సమాధానం చెబుతుంది. రెండవదానికి చట్టం చెబుతుంది. తెలంగాణ ఆబ్కారీ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం; సొంత వాడకానికి చేసిన బీరు కూడా ఇందులోకి వస్తుంది. అందువలన దిగువ ఇచ్చిన బీరు తయారీ వివరణను ప్రక్రియను అర్థం చేసుకోవడానికే గాని, ఆచరణకు ఉద్దేశించిన సిఫారసుగా భావించరాదు.

అయినప్పటికీ ఈ పరిజ్ఞానం మన ప్రాంతానికి అవసరం. అడవిలో ఏరిన ఇప్పపువ్వు ఆహారంగా మంచి ధరకు అమ్ముడవుతుందా, పులిసి బూజుపట్టి బట్టీకి తప్ప మరి దేనికీ పనికిరాకుండా పోతుందా అనేది కూడా కిణ్వన సూత్రాలపైనే ఆధారపడి ఉన్నది.

మాల్ట్ సారం అంటే ఏమిటి?

ధాన్యపు గింజలో శక్తి పిండిపదార్థం రూపంలో నిల్వ ఉంటుంది. సాధారణ ఈస్ట్ పిండిపదార్థాన్ని నేరుగా వినియోగించుకోలేదు. గింజ మొలకెత్తినప్పుడు తన ఎదుగుదల కోసం అమైలేజ్ ఎంజైములను ఉత్పత్తి చేస్తుంది. బార్లీ గింజలను నానబెట్టి, మొలకెత్తించి, సరైన దశలో వేడిగాలితో ఆరబెట్టి ఆ ఎదుగుదలను ఆపుతారు. ఇలా ఎంజైములు నిలిచి ఉన్న ఎండుమొలక గింజనే మాల్ట్ అంటారు.

మాల్ట్‌ను నలగగొట్టి సుమారు 65 నుండి 67 డిగ్రీల సెల్సియస్ వేడినీటిలో గంటసేపు ఉంచినప్పుడు, ఎంజైములు పిండిపదార్థాన్ని ప్రధానంగా మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తాయి. వడకట్టగా వచ్చే తీపి ద్రావణాన్ని వోర్ట్ అంటారు. దీనిని తక్కువ పీడనంలో చిక్కబరిస్తే తేనెవంటి పాకం వస్తుంది. ఇందులో సుమారు 80 శాతం ఘనపదార్థాలు ఉంటాయి. ఇదే ద్రవరూప మాల్ట్ సారం. పూర్తిగా ఆరబెడితే పొడి మాల్ట్ సారం లభిస్తుంది. పాలలో కలుపుకొనే మాల్ట్ పానీయాల ద్వారా ఈ రుచి మన ఇళ్లకు కొత్తది కాదు.

అమెరికాలో 1920 నుండి 1933 వరకు మద్యనిషేధం అమలులో ఉన్న కాలంలో మాల్ట్ సారం డబ్బాలు రొట్టెల తయారీ పేరుతో విరివిగా అమ్ముడయ్యాయి. ఆ డబ్బాలు ఎక్కువగా ఇంటి బీరుకే వెళ్లాయన్నది బహిరంగ రహస్యం. ఇంటి బీరుకు లైసెన్సు అవసరాన్ని బ్రిటన్ 1963లో తొలగించింది. అమెరికా 1978లో చేసిన చట్టం ద్వారా సొంత వాడకానికి పరిమిత పరిమాణంలో అనుమతించింది. ఒకే పదార్థం ఒక దేశంలో, ఒక కాలంలో ఆహారంగాను, మరొక చోట నిషిద్ధ వస్తువు ముడిసరుకుగాను పరిగణించబడటం ఇప్పపువ్వు విషయంలోనూ కనిపిస్తుంది. బొంబాయి ప్రెసిడెన్సీలో 1892లో ఇప్పపువ్వు సేకరణ, నిల్వలను నియంత్రిస్తూ ప్రత్యేక చట్టమే వచ్చింది.

కొత్తవారి తొలి బీరు: దశలు, కారణాలు

ఇంటి బీరు అనుమతించబడిన దేశాలలో 20 లీటర్ల తొలి తయారీకి సుమారు 3 కిలోల ద్రవ మాల్ట్ సారం, కొద్దిపాటి హాప్స్ పూలు, 11 గ్రాముల ఎండు ఈస్ట్ పొట్లం సరిపోతాయి. ప్రతి దశ వెనుక ఒక శాస్త్రీయ కారణం ఉన్నది.

మొదటి దశ మరిగించడం. మాల్ట్ సారాన్ని నీటిలో కరిగించి, హాప్స్ వేసి దాదాపు గంటసేపు మరిగిస్తారు. దీని వలన ద్రావణంలోని సూక్ష్మజీవులు నశిస్తాయి. హాప్స్‌లోని ఆల్ఫా ఆమ్లాలు వేడికి రూపాంతరం చెంది చేదును ఇస్తాయి. ఈ చేదు పదార్థాలు అనేక లాక్టిక్ ఆమ్ల బాక్టీరియాల పెరుగుదలను కూడా అరికడతాయి. పాకం గిన్నె అడుగున అంటుకొని మాడకుండా, దానిని కలిపే సమయంలో మంటను ఆపివేయడం తప్పనిసరి.

రెండవ దశ త్వరగా చల్లార్చడం. గోరువెచ్చని తీపి ద్రావణం బాక్టీరియాకు అనువైన ఆహారం. అది ఎంత ఎక్కువ సేపు ఆ స్థితిలో ఉంటే అంత ప్రమాదం. కనుక ద్రావణాన్ని చన్నీటి తొట్టిలో పెట్టి సుమారు 20 డిగ్రీలకు తెస్తారు.

మూడవ దశ గాలి అందించి ఈస్ట్ కలపడం. మరిగిన ద్రావణంలో కరిగిన ఆక్సిజన్ దాదాపు ఉండదు. ఈస్ట్ కణాలు తమ పొరలను నిర్మించుకొని వృద్ధి చెందడానికి ఆరంభంలో కొంత ఆక్సిజన్ కావాలి. చల్లారిన ద్రావణాన్ని బాగా కదిపి గాలి చేర్చి, ఆ తరువాత ఈస్ట్‌ను కలుపుతారు. అటుపై గాలి చొరబడకుండా, లోపలి వాయువు మాత్రం బయటకు పోయేలా నీటి మూత అమర్చుతారు.

నాలుగవ దశ నిరీక్షణ. 18 నుండి 22 డిగ్రీల మధ్య ఒకటి రెండు వారాలలో కిణ్వనం పూర్తవుతుంది. బుడగలు ఆగినంత మాత్రాన అది ముగిసినట్లు కాదు. హైడ్రోమీటరుతో రెండు మూడు రోజుల వ్యవధిలో తీసిన కొలతలు మారకుండా ఉన్నప్పుడే పూర్తయినట్లు నిర్ధారించాలి.

ఐదవ దశ సీసాలలో నింపడం. లీటరుకు 6 నుండి 7 గ్రాముల చక్కెర చేర్చి బిగిస్తే, మిగిలిన ఈస్ట్ దానిని వినియోగించి బీరుకు నురుగును ఇస్తుంది. కిణ్వనం పూర్తికాకముందే నింపితే ప్రమాదం. లీటరులో అదనంగా మిగిలిన ప్రతి 4 గ్రాముల చక్కెర సుమారు ఒక లీటరు వాయువును పుట్టిస్తుంది. ఆ పీడనానికి సీసా పగిలి గాజుముక్కలు చిమ్మే అవకాశం ఉంటుంది.

ఇప్పచెట్టు చేసిపెట్టిన చక్కెర

సపోటా కుటుంబానికి చెందిన ఇప్పచెట్టు శాస్త్రీయనామం మధూకా లాంగిఫోలియా. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా, అనగా నేటి ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల అడవులలోను, పొలం గట్లమీదను ఈ చెట్లు విస్తారంగా ఉన్నాయి. మార్చి, ఏప్రిల్ నెలలలో కండగల మీగడరంగు పూరేకులు రాత్రి చివరి జాము నుండి తెల్లవారే వరకు రాలిపడతాయి. గోండు, కొలాం, నాయకపోడు కుటుంబాలు వేకువనే వెళ్లి వీటిని ఏరుకొంటాయి. గోండుల పూజలలోను, శుభాశుభ కార్యాలలోను ఇప్పపువ్వుకు, దానినుండి తీసిన సారాకు స్థానం ఉన్నది.

పరాగసంపర్కం కోసం గబ్బిలాలను ఆకర్షించడానికి ఈ చెట్టు తన పూరేకులను చక్కెరతో నింపుతుంది. ఎలుగుబంట్లు కూడా రాలిన పూలకోసం చెట్లకిందికి వస్తాయి. ఎండిన పువ్వులో బరువురీత్యా సగానికి పైగా చక్కెరలే ఉంటాయి. వాటిలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లు ప్రధానమైనవి. మొలకెత్తించడం, నలగగొట్టడం, వేడినీటిలో ఉంచి ఎంజైములను పనిచేయించడం అనే దశలేవీ ఇక్కడ అవసరం లేదు. నీటిలో నానబెడితే చక్కెర దిగుతుంది. ఈ అర్థంలో ఇప్పపువ్వును అడవి ఇచ్చిన మాల్ట్ సారంగా భావించవచ్చు.

కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాల పల్లెలలో ఇదే పాత్రను తాటి, ఈత చెట్లు పోషిస్తున్నాయి. గౌడులు మోకు ముస్తాదుతో చెట్టెక్కి గీసినప్పుడు లొట్టిలోకి జారే తాజా నీరాలో సుమారు 10 నుండి 12 శాతం చక్కెర, ప్రధానంగా సుక్రోజ్, ఉంటుంది. లొట్టిలో సున్నం పూస్తే క్షారగుణం వలన కిణ్వనం ఆగి నీరా తియ్యగా నిలుస్తుంది. సున్నం లేనప్పుడు, పాత లొట్టి అడుగున మిగిలిన కల్లులోని ఈస్ట్ చెట్టుమీదనే పని మొదలుపెడుతుంది.

అంకెలలో పోలిక

విశిష్ట సాంద్రతలో దశాంశ బిందువు తరువాతి మూడు అంకెలను పాయింట్లుగా లెక్కించే పద్ధతి ఉన్నది. ఒక కిలో ద్రవ మాల్ట్ సారం ఒక లీటరు ద్రావణానికి సుమారు 300 పాయింట్లను, ఒక కిలో శుద్ధ చక్కెర సుమారు 384 పాయింట్లను ఇస్తాయి.

మాల్ట్ సారం 3 కిలోలు, ద్రావణం 20 లీటర్లు అయినప్పుడు: 3 × 300 ÷ 20 = 45. అనగా ఆరంభ సాంద్రత 1.045.

ఎండిన ఇప్పపువ్వు 1 కిలో, అందులో చక్కెర 55 శాతం, ద్రావణం 5 లీటర్లు అనుకొంటే: 0.55 × 384 ÷ 5 = 42. అనగా ఆరంభ సాంద్రత 1.042.

నీరాలో చక్కెర 12 శాతం ఉంటే దాని సాంద్రత సుమారు 1.048.

మూడు ద్రావణాలూ చక్కెర విషయంలో దాదాపు సమానంగా ఉన్నాయి. భేదం చక్కెర స్వభావంలో ఉన్నది. మాల్ట్ సారంలోని పిండిపదార్థపు పెద్ద ముక్కలైన డెక్స్ట్రిన్లను ఈస్ట్ వినియోగించుకోలేదు. అందువలన బీరు సాంద్రత 1.011 వద్ద ఆగి, పానీయానికి కొంత చిక్కదనం మిగులుతుంది. ఆరంభ, అంత్య సాంద్రతల భేదాన్ని 131తో హెచ్చవేస్తే ఆల్కహాలు ఘనపరిమాణ శాతం తెలుస్తుంది: 0.034 × 131 = సుమారు 4.5 శాతం. ఇప్పపువ్వులోని చక్కెరలు దాదాపు పూర్తిగా వినియోగమవుతాయి కాబట్టి, సాంద్రత 1.000 వరకు దిగితే 5.5 శాతం రాగలదు. ఆరంభంలో చక్కెర కొంత తక్కువైనా చివరకు ఆల్కహాలు ఎక్కువగా ఉండటానికి ఇదే కారణం.

పట్టిక 1. మూడు ముడిపదార్థాల తులన

| అంశం | మాల్ట్ సారం | ఇప్పపువ్వు | నీరా |
|---|---|---|---|
| చక్కెరను సిద్ధపరిచేది | మొలక ఎంజైములు | పూరేకు | చెట్టు రసం |
| ప్రధాన చక్కెర | మాల్టోజ్ | గ్లూకోజ్, ఫ్రక్టోజ్ | సుక్రోజ్ |
| కిణ్వనానికి ముందు మరిగించడం | ఉన్నది | సంప్రదాయంలో లేదు | లేదు |
| ఈస్ట్ మూలం | ఎంపిక చేసిన రకం | పూలు, కుండ, గాలి | పాత లొట్టి, గాలి |
| నిల్వ | మూసిన డబ్బాలో దీర్ఘకాలం | బాగా ఎండితేనే | కొన్ని గంటలు |

నాలుగు నియంత్రణాంశాలు

పరిశుభ్రత: శుభ్రపరచడం వేరు, సూక్ష్మజీవరహితం చేయడం వేరు. కంటికి కనిపించే మురికి పోయిన తరువాతనే వేడినీరు గాని, క్రిమిసంహారిణి గాని పనిచేస్తుంది. స్టీలు, గాజు పాత్రలను ఈ విధంగా సిద్ధం చేయవచ్చు. మట్టికుండ గోడలలోని సూక్ష్మరంధ్రాలలో పాత ఈస్ట్, బాక్టీరియా నిలిచి ఉంటాయి. అదే కుండ ప్రతిసారి త్వరగా పులియడానికి అది కారణం. ఒకసారి పుల్లబడిన కుండ మరల మరల పుల్లబడటానికీ అదే కారణం.

ఉష్ణోగ్రత: కొత్తవారు ఎక్కువగా తప్పేది ఇక్కడే. బీరు ఈస్ట్‌కు అనువైన 18–22 డిగ్రీలు దాటి 30కి పైగా వెళితే, ఈస్ట్ ఘాటైన పెద్ద ఆల్కహాలులను, తీవ్రవాసన గల ఎస్టర్లను ఎక్కువగా తయారుచేస్తుంది. 40 డిగ్రీల పైన అనేక ఈస్ట్ రకాలు నీరసించి, ఆమ్లాన్ని పుట్టించే బాక్టీరియా పైచేయి సాధిస్తుంది. ఆదిలాబాద్‌లో శీతాకాలపు రాత్రులు 10 డిగ్రీలలోపుకు దిగుతాయి. వేసవి పగళ్లు 40 డిగ్రీలు దాటుతాయి. ఇప్పపూలు రాలేది సరిగ్గా ఆ ఎండాకాలంలోనే. పచ్చిపూలను కుప్పగా పోసి ఒక్క పగలు ఉంచితే, ఎవరూ ఈస్ట్ కలపకపోయినా కుప్ప లోపల వేడెక్కి పులియడం ఆరంభమవుతుంది.

ఈస్ట్, దాని పోషణ: ఈస్ట్‌కు చక్కెరతోపాటు నత్రజని, విటమిన్లు, ఖనిజాలు కావాలి. మొలకెత్తిన ధాన్యపు ప్రొటీన్ల నుండి వచ్చే అమైనో ఆమ్లాలు మాల్ట్ ద్రావణంలో సమృద్ధిగా ఉంటాయి. బెల్లం పానకంలో ఇవి చాలా తక్కువ. పోషణలేని ఈస్ట్ నెమ్మదించి, కుళ్లిన గుడ్డు వాసనగల హైడ్రోజన్ సల్ఫైడును విడుదల చేయవచ్చు.

కాలం: కిణ్వనం దశలవారీగా సాగుతుంది. కల్లులో ఈ దశలను ఒక్కరోజులోనే గమనించవచ్చు. ఉదయం తీపి ఎక్కువగా, మధ్యాహ్నానికి ఘాటుగా, సాయంత్రానికి పులుపుగా మారుతుంది. ఈస్ట్ తయారుచేసిన ఆల్కహాలును ఎసిటిక్ ఆమ్ల బాక్టీరియా గాలి సమక్షంలో వెనిగర్‌గా మార్చడమే చివరి పులుపునకు ముఖ్య కారణం. బీరు పాత్రకు నీటి మూత అమర్చడంలోని పరమార్థం ఈ బాక్టీరియాకు గాలి అందకుండా చేయడమే.

జొన్న మాల్ట్: సాధ్యాసాధ్యాలు

బార్లీ మన ప్రాంతపు పంట కాదు. ఆదిలాబాద్ ఆదివాసీల ఆహారంలో జొన్న ప్రధానమైనది. జొన్నగట్క, అంబలి, రొట్టె నిత్యాహారం. జొన్నతో మాల్ట్ చేయవచ్చునా అన్న ప్రశ్న సహజం. చేయవచ్చు, అయితే రెండు భేదాలను గుర్తించాలి.

మొదటిది: జొన్న పిండిపదార్థం జిగురుగా ఉడకడానికి బార్లీకంటే ఎక్కువ ఉష్ణోగ్రత, సుమారు 68 నుండి 75 డిగ్రీలు, కావాలి. ఆ వేడికి మాల్టోజ్‌ను తయారుచేసే బీటా అమైలేజ్ నశిస్తుంది. పైగా జొన్న మొలకలో ఈ ఎంజైము సహజంగానే తక్కువ. అందువలన ధాన్యాన్ని ముందుగా ఉడికించి, చల్లార్చి, ఆ తరువాత ఎంజైములు చేర్చవలసి వస్తుంది. నైజీరియా ప్రభుత్వం 1988లో బార్లీ మాల్ట్ దిగుమతిని నిషేధించినప్పుడు, అక్కడి బీరు పరిశ్రమ జొన్న, మొక్కజొన్నలతో వాణిజ్య ఎంజైములను ఉపయోగించి ఈ సమస్యను అధిగమించింది. దక్షిణాఫ్రికా గ్రామాలలో జొన్న మాల్ట్‌తో చేసే చిక్కని పుల్లని బీరు అంతకు ఎంతో ముందునుండే ఉన్నది.

రెండవది భద్రతకు సంబంధించినది. జొన్న మొలకలలో ధూరిన్ అనే పదార్థం ఏర్పడుతుంది. ఇది విచ్ఛిన్నమైనప్పుడు హైడ్రోజన్ సయనైడు విడుదలవుతుంది. లేత జొన్నచొప్పను మేసిన పశువులు విషప్రభావానికి గురికావడానికి కారణం ఇదే. కనుక ఆహారం కోసం జొన్నను మొలకెత్తించినప్పుడు, ఎండబెట్టిన తరువాత మొలకలను, వేళ్లను చేతితో రుద్ది పూర్తిగా చెరిగివేసి, మిగిలిన గింజను వేయించి లేదా ఉడికించి వాడాలి. మొలకలతో కలిపి పచ్చిగా తినడం మంచిది కాదు. రాగిలో ఈ సమస్య లేదు. అమైలేజ్ కూడా బాగా లభిస్తుంది. కొద్దిపాటి రాగి మాల్ట్ పిండి కలిపితే చిక్కని జావ పలుచబడుతుంది. తద్వారా పసిపిల్లలకు అదే గిన్నె జావలో ఎక్కువ పిండిని, అనగా ఎక్కువ శక్తిని అందించవచ్చు. బీరు తయారీలో పనిచేసే ఎంజైమే ఇక్కడ పిల్లల పోషణకు ఉపకరిస్తున్నది.

ప్రమాదం ఎక్కడ ఉన్నది?

పరిశుభ్రంగా కిణ్వనం చెందిన ద్రావణంలో పీహెచ్ సుమారు 4.3కు తగ్గి, ఆల్కహాలు చేరడం వలన రోగకారక బాక్టీరియా సాధారణంగా నిలువదు. మితిమీరిన ఆల్కహాలు ఎలాగూ హానికరమే. దానికి తోడు మన ప్రాంతంలో జరిగిన విషాదాలకు ఎక్కువగా మూలం కిణ్వనం కాదు, కల్తీ.

గుడుంబాకు నల్లబెల్లం, పటిక, నవసాగరం వాడుతారు. నవసాగరం రసాయనికంగా అమ్మోనియం క్లోరైడు. అందులోని నత్రజని ఈస్ట్‌కు కొంత పోషకమైనప్పటికీ, ఆహార ప్రమాణాలు లేని పారిశ్రామిక రసాయనాన్ని కొలతలేకుండా వాడటం వలన హాని తప్పదు. అది రాగి, ఇత్తడి పాత్రలను తినివేస్తుంది కూడా. పండ్లు, పూలలోని పెక్టిన్ నుండి స్వల్పంగా మిథైల్ ఆల్కహాలు ఏర్పడుతుంది; చూపు పోవడం, మూకుమ్మడి మరణాలు వంటి ఘటనలకు మాత్రం సాధారణంగా బయటినుండి కలిపిన పారిశ్రామిక మిథైల్ ఆల్కహాలే కారణం. కల్లులో క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, ఆల్ప్రజోలమ్ వంటి మత్తుమందులను కలపడం తెలంగాణలో పలుచోట్ల బయటపడింది. అలవాటుపడినవారు ఆకస్మికంగా మానితే మూర్ఛ, మతిభ్రమణం కలగవచ్చు. అటువంటివారిని ఇంట్లో కట్టడి చేయక, వెంటనే వైద్యులవద్దకు చేర్చాలని గ్రామ సమావేశాలలో చెప్పవలసి ఉన్నది.

చట్టపరమైన నేపథ్యం

అటవీ హక్కుల చట్టం, 2006 ప్రకారం చిన్నతరహా అటవీ ఉత్పత్తులను సేకరించి, వినియోగించి, అమ్ముకొనే యాజమాన్య హక్కు అర్హులైన అటవీవాసులకు ఉన్నది. ఇప్పపువ్వు ఇందులోకి వస్తుంది. పువ్వుపై హక్కు ఉన్నంత మాత్రాన మద్యం తయారీపై హక్కు లభించదు. షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ చట్టం, 1996 మత్తుపానీయాల అమ్మకాన్ని, వినియోగాన్ని నిషేధించే లేదా నియంత్రించే అధికారాన్ని గ్రామసభలకు కల్పించాలని నిర్దేశిస్తున్నది. సంప్రదాయ వినియోగానికి సంబంధించిన సందేహాలు ఎదురైనప్పుడు, విస్తరణ సిబ్బంది సొంత అభిప్రాయం చెప్పక, ఆబ్కారీ శాఖ నుండి లిఖితపూర్వక వివరణ పొందడం శ్రేయస్కరం.

ఇతర రాష్ట్రాల అనుభవం గమనార్హం. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2022లో ప్రకటించిన ఆబ్కారీ విధానంలో ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తించి, ఆదివాసీ స్వయం సహాయక సంఘాలకు అనుమతితో కూడిన తయారీకి మార్గం తెరిచింది. ఛత్తీస్‌గఢ్ అడవులలో సేకరించి ఎండబెట్టిన ఇప్పపూలు 2021లో ఫ్రాన్స్‌కు ఎగుమతి అయ్యాయి. రెండు సందర్భాలలోనూ నాణ్యమైన, శుభ్రమైన పువ్వే మూలాధారం.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

1. సేకరణ: చెట్టుకింద ఆకులను తగులబెట్టి నేలను శుభ్రపరిచే అలవాటు అడవి మంటలకు దారితీస్తుంది. కవ్వాల పులుల అభయారణ్య పరిసరాలలో ఇది మరింత ప్రమాదకరం. కొమ్మలకింద వలలు కట్టి సేకరిస్తే మట్టి, బూడిద అంటని పువ్వు లభిస్తుంది; మంట అవసరం ఉండదు. ఎలుగుబంట్ల భయం ఉన్నచోట చీకటిలో ఒంటరిగా వెళ్లే అవసరమూ తగ్గుతుంది.

2. ఎండబెట్టడం: ఏరిన కొన్ని గంటలలోనే పలుచగా పరచాలి. నేలమీద కాక, ఎత్తయిన తడికలు లేదా వలల మీద ఆరబెడితే గాలి రెండువైపులా ఆడుతుంది. సౌర ఆరబెట్టు యంత్రాలు ఉన్నచోట దుమ్ము, ఈగల బెడద తగ్గుతుంది.

3. నిల్వ: నీటి క్రియాశీలత 0.6 కంటే తక్కువ ఉన్నప్పుడు బూజు గాని, ఈస్ట్ గాని పెరగదు. ఫ్రక్టోజ్ గాలిలోని తేమను పీల్చుకొంటుంది కాబట్టి, ఎంత బాగా ఎండిన పువ్వైనా గోనెసంచిలో ఉంచితే తొలకరికే మెత్తబడుతుంది. గాలి చొరని సంచులు, డబ్బాలు తప్పనిసరి. పువ్వు పిడికిట్లో నొక్కినప్పుడు ముద్దకట్టితే మరల ఎండబెట్టాలి.

4. విలువ పెంపు: ఉట్నూరులో ఆదివాసీ మహిళల సహకార సంఘం ఇప్పపువ్వు లడ్డూలను తయారుచేసి మంచి ఆదరణ పొందుతున్నది. పాకం, జామ్, బిస్కట్ల వంటి కిణ్వనరహిత ఉత్పత్తులకు ఆబ్కారీ అనుమతుల చిక్కు ఉండదు. సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ, కృషి విజ్ఞాన కేంద్రాల ద్వారా ఈ శిక్షణలను పూల కాలానికి ముందే, ఫిబ్రవరిలోగా, నిర్వహించడం ప్రయోజనకరం.

5. విద్యార్థులకు ప్రయోగం: సంస్థ అనుమతితో, ప్రయోగశాలలో మాత్రమే చేయదగినది. 10 గ్రాముల గ్లూకోజ్‌ను 100 మిల్లీలీటర్ల నీటిలో కరిగించి, కొద్దిగా ఈస్ట్, ఈస్ట్ పోషకం చేర్చి, నీటి మూత అమర్చిన మూడు ఫ్లాస్కులను 20, 30, 40 డిగ్రీల వద్ద ఉంచాలి. రోజుకు రెండుసార్లు తూకం వేయాలి. 10 గ్రాముల గ్లూకోజ్ నుండి సిద్ధాంతరీత్యా 4.9 గ్రాముల కార్బన్ డయాక్సైడు, 5.1 గ్రాముల ఆల్కహాలు ఏర్పడతాయి. తగ్గిన బరువు కిణ్వనం ఎంత జరిగిందో నేరుగా చెబుతుంది. బరువు తగ్గే వేగాన్ని, ద్రావణం వాసనను పోల్చినప్పుడు, వేగంగా జరిగిన కిణ్వనం నాణ్యమైనదే కానవసరం లేదని విద్యార్థి స్వయంగా గ్రహిస్తాడు. ప్రయోగానంతరం ద్రావణాన్ని పారబోయాలి.

ముగింపు

మాల్ట్ సారం కొత్తవారికి సులభమైన ముడిపదార్థం కావడానికి కారణం దానిలోని చక్కెర సిద్ధంగా ఉండటం. సిద్ధంగా ఉన్న చక్కెర మనిషి కోసం వేచి ఉండదు. మొదట చేరిన సూక్ష్మజీవికి అది ఆహారమవుతుంది. బీరు తయారీదారుడు ద్రావణాన్ని మరిగించి, చల్లార్చి, తాను ఎంచుకొన్న ఈస్ట్‌ను ముందుగా చేర్చి ఈ పోటీలో గెలుస్తాడు. గౌడు లొట్టికి సున్నం పూసి గెలుస్తాడు. ఇప్పపువ్వు ఏరే కుటుంబం గెలవవలసిన మార్గం ఆరబెట్టడం. పువ్వు రాలిన ఉదయం నుండి అదే సాయంత్రం వరకు గడిచే ఆ కొద్ది గంటలలో తీసుకొన్న జాగ్రత్తే ఆ పువ్వు లడ్డూ అవుతుందా, పానకం కుండలోకి పోతుందా అనే విషయాన్ని, దానితోపాటు ఆ కుటుంబపు వేసవి ఆదాయాన్ని నిర్ణయిస్తుంది. విస్తరణ కృషి ఆ కొద్ది గంటలపై కేంద్రీకృతం కావలసి ఉన్నది.